పడవ పెట్టెకు తూము

మా అక్క కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు వంగవు. అన్నం స్పూనుతో తింటుంది. అరటాకులు కోస్తుంటే కొడవలి జారిందని బంధువులందరూ అనుకుంటారు. నా భార్య కూడా అదే అనుకుంటోంది. అలా చెప్పింది అక్కే. నేను కాదనలేదు. నోరు మూసుకుని మంచివాడిగా మిగలడం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చిన విద్య.

ఫిజిక్సు లెక్చరర్‌గా చేసి రిటైరై భవానీపురంలో ఉంటున్నాను. అక్కావాళ్లది కంకిపాడు అవతల, కరకట్ట పక్కన ఊరు. వాళ్ల పొలం ఏటి మధ్యలో లంక మీద ఉంది. అరటి, కంద, పసుపు వేస్తారు. ఏట్లో నీళ్లున్నన్నాళ్లూ పడవ మీదే పోవాలి, పడవ మీదే రావాలి. నలభై ఏళ్లుగా ఆ లంకలో కాసిన గెలలు మా ఇంట్లో పండుతున్నాయి. అవి ఎలా ఏరు దాటి వస్తున్నాయో నేను ఒక్కసారీ అడగలేదు. నేను ఆ పడవ ఎక్కింది ఆదివారాల్లోనే, అదీ టిఫిను తిని, ఎండెక్కాక, బావ పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ.

బావ పాత చెక్కపడవ తీసేసి ఎక్కడో వాడిన ఫైబర్ పడవ ఒకటి కొన్నాడు. దాని ముందు భాగంలో మూత ఉన్న పెట్టె ఒకటి ఉంది. తాళ్లు, స్పానర్లు, పురుగుమందు డబ్బాలు, చినుకు పడితే కప్పుకోవడానికి పట్టాలు అందులో పెట్టేవాళ్లు. మూత సరిగ్గా పడదు. వాననీళ్లూ, అలలకు ఎగిరే తుంపరా లోపల చేరి, తోడకపోతే వారం తిరక్కుండానే కుళ్లు కంపు కొట్టేది. రోజూ పొద్దున్నే అక్క నడుం రెండుగా వంచి, సగానికి కోసిన నూనెడబ్బాతో ఆ నీళ్లు తోడి పోసేది. ఆవిడకు అరవై ఆరు.

"నడుం పట్టేస్తందిరా తమ్ముడూ, ఈ పెట్టెతో చస్తన్నాను" అంది ఒకరోజు ఫోనులో. మామూలుగా అన్న మాటే. రిటైరయ్యాక నన్ను ఎవరూ ఏదీ అడగడం లేదేమో, ఆ మాట పట్టుకుని ఎగిరి గంతేశాను. ఆదివారం డ్రిల్లు మిషను సంచిలో పెట్టుకుని స్కూటరు మీద బయల్దేరాను.

నా ఆలోచన చాలా తేలిక. పెట్టె అడుగున, పక్కగోడకు, బయటికి ఒక తూము. చేరిన నీళ్లు వాటంతటవే ఏట్లోకి పోతాయి. బావకు నచ్చలేదు.

"పడవకి మనమే చిల్లు పెట్టుకోడం ఏంది బావా?"

"చిల్లు కాదు, తూము. నీటిమట్టానికి పైన పెడితే బయటి నీళ్లు లోపలికెట్లా వస్తయ్?"

మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఎకసెక్కాలే. ఆయన వేళాకోళమాడితే నేను ఫిజిక్సుతో కొట్టేవాణ్ణి. ఆ రోజూ అంతే. ఇద్దరం పడవెక్కి వెనక మోటారు దగ్గర కూర్చున్నాం. పెట్టె దగ్గర పడవ బయటి పక్కన నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసుకుని, దిగి సుద్దముక్కతో గీత గీశాను. ఆ గీతకు నాలుగు వేళ్లు పైన గుర్తు పెట్టాను. బావ ఆ గుర్తు వంక చూసి, "పొద్దున పూటయితే..." అని ఏదో అనబోయాడు.

"నీళ్లకి పొద్దునా సాయంత్రం తేడా ఉండదు బావా" అన్నాను. నా మాటకు నేనే నవ్వుకున్నాను. చదువుకున్న బావమరిదితో వాదన పెట్టుకోవడం ఆయనకు ఇష్టం ఉండదు.

రేవు పక్క మోటారు షెడ్డు నుంచి కరెంటు లాగి, పడవను ఒడ్డుకు ఎక్కించి, రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దదిగా చిల్లు కోశాను. తెగిన ఫైబరు అంచు ముళ్లముళ్లుగా లేచింది. అందులో బిగించాల్సిన పైపుముక్కా, బిరడా భవానీపురంలో బల్లమీద మర్చిపోయి వచ్చాను. అంచు నున్నగా రుద్దుదామంటే ఆకురాయి కూడా తేలేదు. వచ్చే ఆదివారం బిగిద్దాంలే అనుకున్నాను. బిందెడు నీళ్లు పెట్టెలో పోసి చూపిస్తే, చక్కగా బయటికి కారిపోయాయి. అక్క ముఖం విప్పారింది. ఆ ఊపులో, "ఇక దీంతో పన్లేదు" అని కోసిన నూనెడబ్బాను గట్టు మీది తుప్పల్లోకి విసిరేశాను. ఆ మధ్యాహ్నం అక్క చేపల పులుసు పెట్టింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

సోమవారం పొద్దున ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఆరున్నరకు కూలీ ఆడవాళ్లు రేవులోకి వస్తారు. పదకొండు మంది. అందరినీ ఒకే విడతలో దాటిస్తారు. ఆడవాళ్లు పడవ ముందు భాగంలోనే కూర్చుంటారు, ఎప్పుడూ అంతే. వెనక బావ నిలబడి మోటారు తిప్పుతుంటాడు. మగమనిషి కాళ్ల దగ్గర కూర్చోవడం వాళ్లకు బాగుండదు, మోటారు పొగా పడదు. అందరికంటే ముందు, పెట్టెకు ఆనుకుని మా అక్క కూర్చుంటుంది. బరువంతా ముందే. ఇద్దరు మగవాళ్లు వెనక కూర్చుని గీసిన గీతకు అక్కడ విలువేముంది? బావ చెప్పబోయింది అదే. ఆయన నోట్లో మాట నోట్లో ఉండగానే నేను నవ్వాను.

సగం ఏరు దాటేసరికి ఆడవాళ్ల కాళ్ల కింద తడి తగిలింది. పెట్టె అప్పటికే నిండిపోయి, దాని వెనకగోడ పైభాగాన ఉన్న పగుల్లోంచి నీళ్లు పడవలోకి వస్తున్నాయి. ముందు భాగం ఇంకా దిగుతోంది. ఇద్దరు లేచి నిలబడ్డారట, పడవ ఊగింది. బావ కూర్చోమని అరిచాడు. వెనక్కి తిప్పడం కంటే లంకే దగ్గర. అక్క నీళ్లు తోడదామని డబ్బా కోసం వెతికింది. డబ్బా తుప్పల్లో ఉంది.

అప్పుడు మూత ఎత్తి, బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా ఆ నీళ్లలోకి పెట్టి చిల్లు తడుముకుంది. తలగుడ్డ ఉండచేసి కుక్కింది. ఏరు దాన్ని లోపలికి తోసేసింది. మళ్లీ కుక్కి అరచేత్తో అదిమిపెట్టి, లంక తగిలేదాకా అలాగే ఉండిపోయింది. పడవ అలకు లేచినప్పుడల్లా ఆ ముళ్ల అంచు ఆమె చేతిని కోసింది. మిగతావాళ్లు దోసిళ్లతో, క్యారియరు గిన్నెలతో నీళ్లు తోడారు. లంక తగిలాక చెయ్యి బయటికి తీస్తే పెట్టెలో నీళ్లు ఎర్రగా ఉన్నాయట. ఆమెకు ఈత రాదు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

బెజవాడ ఆస్పత్రిలో డాక్టరు నరాలు తెగాయన్నాడు. ఆపరేషన్ చేశారు. నేను వెళ్లేసరికి అక్క మంచం మీద కూర్చుని, నా వెనకే వస్తున్న నా భార్యను చూసి, "కొడవలి జారిందమ్మా, నాదే పరాకు" అంది. నా వంక చూడలేదు. బావ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. ఆయన నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పటికీ తిట్టలేదు. కాకపోతే ఎకసెక్కాలాడడం మానేశాడు. నేను వెళితే కుర్చీ వేసి, మంచినీళ్లు తెప్పించి, ఎండల గురించి మాట్లాడతాడు. పరాయివాడికి చేసే మర్యాదలన్నీ చేస్తాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆయన మీద మండే హక్కు నాకు లేదని తెలిసీ మండుతుంది.

చిల్లు పూడ్చేశారు. నీలం పడవ మీద తెల్లటి బిళ్ల అంటించినట్టు కనిపిస్తుంది. పెట్టెలో మళ్లీ నీళ్లు చేరుతున్నాయి.

మొన్న ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా బయల్దేరి ఆరున్నరకల్లా రేవుకు చేరాను. నన్ను చూసి బావ, "రా బావా, ఇట్లా ఎనక్కొచ్చి కూర్చో" అన్నాడు. ముందే కూర్చుంటానన్నాను. ఆడవాళ్లు క్యారియర్లు పట్టుకుని ఒక్కొక్కరే ఎక్కారు. నేను అంచు మీదికి వంగి ఆ తెల్ల మచ్చను చూస్తున్నాను. ఏడో మనిషి ఎక్కేసరికి అది నీళ్లలోకి పోయింది. ఇంకా నలుగురు ఎక్కాలి. ఈ సంగతి తెలియడానికి లెక్కలు అక్కర్లేదు, ఏ ఒక్క రోజైనా పొద్దున వచ్చి చూస్తే చాలు.

అక్క పెట్టె మీదికి వంగి కొత్త డబ్బాతో నీళ్లు తోడుతోంది. ఎడమచేత్తో. అలవాటు లేని చెయ్యి కదా, సగం నీళ్లు మళ్లీ పెట్టెలోకే ఒలుకుతున్నాయి. డబ్బా అందుకోబోయాను.

"నువ్వు బట్టలు తడుపుకోకు, కూర్చోరా" అంది.

మోటారు అందుకున్నాక, నా పక్కనున్న పెద్దావిడ నా వైపు వంగి చెప్పింది. "మీరేం దిగులు పెట్టుకోమాకండి మేష్టారూ. మేం పదకొండు మందిమీ కొడవలనే చెప్తున్నామండీ. మీ అక్క మా చేత ఒట్టేయించుకుంది."

ఆవిడ మంచికే చెప్పింది. అక్క తలెత్తలేదు, తోడుతూనే ఉంది. ఆ కొడవలి అబద్ధం ఇక వద్దు, తప్పు నాదేనని చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. ఆ పదకొండు మందీ నా నోటి వంకే చూస్తున్నారు. నేను సరేనన్నట్టు తలూపాను.