మరియమ్మ ఓటు మీద దానయ్య అభ్యంతరం

1936. మద్రాసు శాసనసభ ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారవుతున్న రోజులు. నేను ఏలూరులో ఒక దినపత్రికకు విలేకరిని. తాలూకా కచేరీ, మున్సిపల్ ఆఫీసు, కాలవ ఒడ్డు బజారు నా రోజువారీ తిరుగుడు.

ఇప్పుడు వయసొస్తే చాలు, ఓటుంటుంది. అప్పుడలా కాదు. పట్టా భూమి ఉండాలి, లేదా పన్ను కట్టాలి. అవి లేనివాళ్లు చదవడం రాయడం వచ్చని దరఖాస్తు పెట్టుకుని రుజువు చేసుకోవాలి. దాన్ని క్లెయిమ్ అనేవారు. ఆడవాళ్లకూ ఆ దారి ఉంది. గడువు తేదీతో సహా ఆ ప్రకటన పత్రికకు రాసి పంపింది నేనే. దరఖాస్తు మాత్రం పెట్టుకోలేదు. పత్రికలో రాసేవాడు తనకు అక్షరాలొచ్చని మళ్లీ ఎవరికి రుజువు చెయ్యాలి అనుకున్నాను. గడువు దాటిపోయింది. జాబితాలో నా పేరు లేదు.

అందుకని అభ్యంతరాల విచారణకు వెళ్లిన రోజు నా మనసు బాగాలేదు. గుమాస్తా చదివే ప్రతి పేరూ గుచ్చుకుంటోంది. కొల్లేటి లంకలో మిషన్ బడి పిల్లలకు ఓనమాలు నేర్పే మరియమ్మ పేరు మరీనూ. ఆవిడ పేరు మీద అబ్జెక్షన్ పడింది, అంటే ఈ పేరు కొట్టెయ్యండని కాగితం. వేయించింది ఎవరో కాదు, ఆవిడ మొగుడు దానయ్య. ఓటున్నవాడే అభ్యంతరం పెట్టాలి గనక పట్టా ఉన్న ఒక ఆసామి చేత సంతకం చేయించుకొచ్చాడు. దానయ్యకు దోనె ఉంది, వల ఉంది. చదువూ భూమీ లేవు.

“ఏమిటయ్యా నీ అభ్యంతరం?” అన్నారు తాసిల్దారుగారు.

“దానికి చదువు రాదండీ. ప్రార్థన పాటలన్నీ కంఠతా వచ్చు. పుస్తకం పట్టుకుని పాడితే చదివినట్టుంటదంతేనండీ.”

“మరి పిల్లలకెలా చెబుతోంది?”

“ఆళ్లకీ రాదండీ.”

కచేరీ అంతా నవ్వింది. మరియమ్మ నవ్వలేదు. తాసిల్దారుగారు నా చేతిలో పత్రిక తీసుకుని ఆవిడకిచ్చారు. ఆవిడ ఎక్కడా తడబడకుండా అర కాలమ్ చదివింది. తర్వాత కలం, కాగితం ఇచ్చారు.

“నీ పేరు, భర్త పేరు, ఊరు రాయమ్మా.”

ఆవిడ తన పేరు రాసింది, కొంచెం చోటు వదిలి ఊరు రాసింది.

“మధ్యలో ఖాళీ ఏమిటి?”

“ఆయన పేరు నేను చెప్పకూడదండీ.”

“చెప్పొద్దమ్మా, రాయి.”

“రాసినా చెప్పినట్టే గదండీ.”

గుమాస్తా కలం ఎత్తాడు. “అడిగింది రాయలేకపోయిందని వేసుకోమంటారా అండీ?”

దానయ్య ముఖం విప్పారింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ లోపల చల్లగా అనిపించింది. నాకు లేనిది ఆవిడకు మాత్రం ఎందుకు?

మరియమ్మ మొగుడి వైపు తిరిగింది. “ఏవండీ, రాయమంటారా?”

“రాయవే! వస్తే గదా!”

“విన్నారు గదండీ, రాయమన్నారు,” అని తాసిల్దారుగారితో అని, ఆ ఖాళీలో గుండ్రటి అక్షరాలతో దానయ్య అని రాసింది.

అతను బల్ల మీదికి వంగి చూశాడు. “నాదేనాండీ ఇది?” అని నన్నడిగాడు.

“నీదే.”

“ఇంతేనా?” అన్నాడు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. మరియమ్మ పేరు జాబితాలో నిలిచింది.

ఎన్నికల రోజున మరియమ్మను దోనెలో ఎక్కించుకుని తెచ్చింది దానయ్యే. నేను పోలింగు జరిగే బడి బయట నోటుబుక్కుతో నిలబడి ఉన్నాను. ఆవిడ లోపలికి వెళ్లింది, అతన్ని ఓటర్లు కానివాళ్లు దాటకుండా కట్టిన తాడు అవతలే ఆపేశారు. బయటికి రాగానే అడిగాడు.

“ఎవరికేశావే?”

“చెప్పకూడదంటండీ.”

“మొగుడిక్కూడానా?”

“ఎవరికీనంట.”

కచేరీలో అభ్యంతరం చెప్పినప్పటి ముఖమే మళ్లీ చూశాను. ఇక ఇంటికెళ్లేదాకా ఆవిడకు చీవాట్లే అనుకున్నాను. దానయ్య ఆవిణ్ణి ఒక్క మాటా అనలేదు. తాడు దాకా వెళ్లి, అక్కడున్న అధికారిని పిలిచాడు.

“అయ్యగారూ, ఈ ఓటు నాకెందుకివ్వలేదండీ?”

“రూలు అలా ఉందయ్యా.”

“ఆ రూలు పెట్టినోళ్లని ఎవరెన్నుకున్నారండీ?”

నేను ఆ మాట రాసి పంపాను. పత్రికలో వెయ్యలేదు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో రాజకీయం గురించి నేను నేర్చుకున్నది ఎక్కువ భాగం ఆ తాడు దగ్గరే. హక్కు లేనివాడు మొదట హక్కున్న పక్కమనిషి మీద ఏడుస్తాడు. ఇవ్వనివాళ్లను అడగాలని తోచదు. దానయ్యకు అది తోచడానికి కొన్ని నెలలు పట్టింది. ప్రభుత్వం గురించి రోజూ రాసే నేను, ఆ ఉదయం దాకా మరియమ్మ మీదే ఏడుస్తూ ఉన్నాను.