తలకోనలో సాంబ్రాణి

నా జన్మలో నేను చెయ్యెత్తి కొట్టింది ఒకే ఒక్క మనిషిని. మా అత్తను. తలకోన అడవిలో, పట్టపగలు, నా బిడ్డ కోసం.

డెబ్బైల చివరి మాట. మా ఆయన తిరుపతిలో బడిపంతులు. స్కౌట్ పిల్లల్ని కూడా ఆయనే చూసుకునేవాడు. వేసవి సెలవుల్లో బడి డేరా ఊరికే మూలన పడి ఉందని, తలకోనలో మూడు రోజులు గడుపుదామని పట్టుబట్టాడు. పాపకు అప్పుడు ఏడో నెల.

"ఏడు నెలల బిడ్డతో అడివిలో కాపరం ఏందిరా? మతి పోయిందా నీకు?" అని అత్త అరిచింది.

నాకూ ఇష్టం లేదు. కానీ ఆమె వద్దంది కాబట్టి నేను సరేనన్నాను. బిడ్డను నా చేతికి వదల్లేక ఆమె కూడా బయల్దేరింది. మా ఇద్దరి మధ్య ఉప్పూ నిప్పూ వ్యవహారం. రోజూ పాప స్నానం దగ్గరే మొదలయ్యేది. నేను సాంబ్రాణి వేస్తే పొగ చాల్లేదనేది, తల ఆరలేదనేది, బిడ్డ తుమ్మితే నా వల్లేనని వీధి వీధంతా వినేలా చెప్పేది. నేనూ తక్కువ తినలేదు. మాటకు మాట అప్పజెప్పేదాన్ని.

నెరబైలు దాకా బస్సు, అక్కడి నుంచి ఎద్దుల బండి. వాగు దగ్గర పెద్ద బండ ఒకటి గొడుగు పట్టినట్టు ముందుకు వంగి ఉంది. నీడ బాగుందని దాని కింద డేరా వేశాం. పొయ్యి రాళ్లు పేరుస్తుంటే అడవి కాపలా ముసలాయన పరుగున వచ్చాడు.

"అప్పా, ఈడ పొయ్యి పెట్టొద్దు. పైన సూడు, మూడు తేనెతెట్టెలుండాయి. పొగ తగిల్తే ఈగలు మనిషిని సంపేస్తాయి."

తలెత్తి చూశాం. బండకు అంటుకుని ఒక్కొక్కటి చాటంత ఉన్నాయి, నల్లగా కదులుతూ. డేరా అప్పుడే మార్చాల్సింది. మా ఆయన బద్ధకించి, పొయ్యిని మాత్రం వంద అడుగుల దూరంలో వాగు ఒడ్డుకు మార్చాడు. అంతటితో జాగ్రత్త తీరిపోయిందనుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం అత్త కాళ్లు చాపి కూర్చుని, పాపను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోసింది. ఒళ్లు తుడుస్తూ, "ఈ పొద్దుకు సాంబ్రాణి వద్దులే. ఎండకే తల ఆరిపోతాది," అంది.

నాకు ఒళ్లు మండింది. "ఎందుకు, ఊరికి పోయినాక కోడలు పొగ కూడా ఎయ్యలేదని చెప్పుకునేదానికా?" అన్నాను. పొయ్యిలోంచి నిప్పులు పెంకులోకి ఎత్తుకొచ్చి, డేరా ముందే పెట్టి, గుప్పెడు సాంబ్రాణి చల్లాను. ఎప్పటికన్నా ఎక్కువే చల్లాను, ఆమె కళ్లు మండాలని. పొయ్యి పొగే మాకు పొగగా కనిపించింది గానీ, సాంబ్రాణిది ఎవరికీ పొగగా తోచలేదు. రోజూ బిడ్డకు పట్టేది కదా.

పొగ నిటారుగా బండ మీదికి పోయింది. ముందు వాన వస్తున్నట్టు చప్పుడు. తలెత్తేలోపే మీద పడ్డాయి. కళ్ల మీద, చెవుల్లో, జుట్టులో. కుట్టిన ప్రతిచోటా కాల్చిన సూది దించినట్టుంది. నేను కేకలు పెడుతూ గుండ్రంగా తిరిగాను. కళ్లు తెరిచేసరికి అత్త పాప మీద బోర్లా పడి ఉంది. ఆమె వీపంతా ఈగలు. పాప ఏడుపు వినిపించడం లేదు.

బిడ్డకు ఊపిరి ఆడటం లేదనుకున్నాను. అంతే, నేను మనిషిని కాను. "లెయ్, నా బిడ్డను సంపేస్తావే!" అని ఆమె కొప్పు పట్టి గుంజాను. లేవలేదు. వీపు మీద పిడికిళ్లతో గుద్దాను. నా చేతి కింద ఈగలు చితికాయి. మొహం మీద కొట్టాను. నా గాజులు ఆమె కణత మీద పగిలాయి, రక్తం వచ్చింది. ఆమె మాత్రం మోచేతులు నేలకు ఆనించి, పొట్ట కింద పాపకు చోటు ఉంచి, అలాగే బిగుసుకుపోయింది. నేను కొడుతూనే ఉన్నాను.

వాగు నుంచి మా ఆయన వచ్చి డేరా గుడ్డ పీకి మా ముగ్గురి మీద కప్పాడు. ఆ చీకట్లో, అత్త పొట్ట కింద, పాప వెక్కుతున్న చప్పుడు విన్నాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

పాపకు మడమ మీద ఒకే ఒక్క కాటు.

సాయంత్రం తిరిగొచ్చే బండిలో మా ఆయన కత్తి మొనతో అత్త వీపు మీది ముళ్లు గీకుతున్నాడు. ఆమె మొహం గుర్తుపట్టలేనట్టు వాచిపోయింది. కణత దగ్గర ఆగి, "ఇది తెగిన గాయం మాదిరి ఉండాది. ఏందిమా ఇది?" అన్నాడు.

నేను పాపను గట్టిగా పట్టుకున్నాను.

"ఈగే," అంది అత్త. "ఇంకేముంటాది?"

ఆయన ముందుకు పోయి బండివాడితో మాట్లాడుతున్నప్పుడు, ఆమె తన జుట్టులో వెతికి ఆకుపచ్చ గాజు ముక్క తీసి నా చేతిలో పెట్టింది. "యాడన్నా దూరంగా పారెయ్. బిడ్డకు గుచ్చుకుంటాది."

అత్త ఆ తర్వాత పద్నాలుగేళ్లు బతికింది. మేం పోట్లాడుకోని వారం లేదు. నా పుట్టింటిని తిట్టింది, నా వంటను తిట్టింది. ప్రతిసారీ, నేను కొట్టిన మాట ఈసారి అనేస్తుందని ఎదురుచూసేదాన్ని. ఒక్కసారి కూడా అనలేదు.