బాపు తిప్పిన ఆఖరి చుట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక్కచోట కుదురుగా కూర్చోలేని వాళ్లం ఇద్దరం ఉండేవాళ్లం. ఒకరు మా బాపు, ఒకరు నేను. పాలు కాగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేని మనిషి ఆయన. అమ్మేది మాత్రం పాలే. పురానాపూల్ దగ్గర గల్లీలో నాలుగు బర్రెలు, పెద్ద పాల డబ్బాలు, వాటికి తోడు ఎవరి షెడ్డులోనో ఏళ్లుగా కదలకుండా పడి ఉంటే బాపు కొని తెచ్చిన పాత కారు. అదీ మా సంసారం.

నాకు పదేళ్లప్పుడు తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. వాడూ అమ్మా ఇరవై రోజులు దవాఖానలోనే ఉండిపోయారు. పిల్లల్ని లోపలికి రానివ్వరు కనుక అన్ని రోజులూ నేను అమ్మ ముఖం చూడలేదు. చివరికి ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పసివాణ్ణి దుమ్ములో, ఆటోలో కాకుండా మన కారులోనే తెస్తానని, పన్నెండుకల్లా వస్తానని బాపు అమ్మకు మాట ఇచ్చాడు.

ఆ పొద్దున కారు తీస్తే, అది దగ్గుతూ వణుకుతూ గల్లీ చివరిదాకా పోయి, అలాగే వెనక్కి వచ్చింది. ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే నాలుగు ప్లగ్గుల్లో ఒకటి పని చేయడం లేదు. ఇంజన్ ఇంకా కాలుతుండగానే బాపు పానా పెట్టి గుంజాడు. ప్లగ్గు కదల్లేదు. ఇంకా గట్టిగా గుంజాడు, పానా జారింది. నాలుగైదుసార్లు జారేసరికి ప్లగ్గు మూలలన్నీ అరిగి గుండ్రంగా అయ్యాయి, బాపు వేళ్ల కణుపుల మీద తోలు లేచింది. చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు లేచి వచ్చి తలా ఒక సలహా చెప్పసాగారు. బాపు ఎవరి మాటా వినకుండా ఇంట్లోకి పోయి ఉలీ సుత్తీ తెచ్చాడు.

అప్పుడు వచ్చింది పక్కింటి అక్క. ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని సర్కారు ఫ్యాక్టరీలో చేరి అప్పటికి రెండేళ్లు. ఆ రోజు ఆమెకు మధ్యాహ్నం షిఫ్టు. వంగి ఒక్కసారి చూసింది.

"అన్నా, ఉలి పెట్టకు. ఇరిగితే సగం లోపల్నే ఉంటది. ఇగ ఇంజనే ఇప్పాలె."

బాపు తల ఎత్తలేదు. ఆడపిల్ల తనకు చెప్పడమేమిటన్నట్టు సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. అక్క వాదించలేదు. కొత్త ప్లగ్గు తెచ్చి పెట్టుకున్నావా అని మాత్రం అడిగింది. లేదు.

"ఆ సైజు దొరుకుతదో లేదో ముందుగాల చూసి రా. పాతది యాడికి పోదు."

పోవడానికి ఒక చోటు దొరికితే చాలు బాపుకు. సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరగగానే అక్క వెళ్లి తన పనిముట్ల సంచి తెచ్చింది. ఇంజన్ చల్లారేదాకా ప్లగ్గును ముట్టుకోలేదు. తర్వాత నా చేత సైకిల్ పంపుతో గాలి కొట్టించి ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఎగరగొట్టించింది, లోపలికి ఒక్క రేణువు పడినా ఇంజన్‌కు చేటని. వాళ్ల అమ్మ కుట్టు మిషన్ నూనెలో కాస్త కిరోసిన్ కలిపి ప్లగ్గు మొదలు దగ్గర చుక్కలు చుక్కలుగా పోసింది. పోసి, ఊరికే కూర్చుంది.

నాకు ప్రాణం పోయినంత పనైంది. గుమ్మం దాకా పరుగెత్తేదాన్ని, గోడ మీద ఎండ ఎంత దిగిందో చూసేదాన్ని, తిరిగి వచ్చి అయిందా అని అడిగేదాన్ని. దవాఖాన మెట్ల మీద అమ్మ ఒక్కతే తమ్ముణ్ణి ఒడిలో పెట్టుకుని కూర్చున్నట్టు కళ్లకు కడుతూ ఉండేది. ఎన్నోసారి అడిగినప్పుడో అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నూనె దిగాలె బిడ్డా. దానికి జర టైమియ్యాలె."

మళ్లీ నూనె పోసింది, మళ్లీ ఆగింది. తర్వాత ఆకురాయితో ప్లగ్గు అంచుల్ని రాకి కాస్త చదును చేసి, ఒక సైజు చిన్న గొట్టం పానాను దాని మీద మెల్లగా కొట్టి బిగించింది. మొదట విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుక వాసి తిప్పింది. ఆపైన ఇటు. మళ్లీ అటు, మళ్లీ ఇటు. సన్నగా కిర్రుమంది. పావు చుట్టు కదిలింది. నేను ఎగిరి గంతేశాను.

అక్క దాన్ని బయటికి తీయలేదు. తిరిగి లోపలికి తిప్పి, పానా అలాగే వదిలేసి చేతులు తుడుచుకుంది. ఎందుకని అడిగితే, గల్లీ అంతా చూస్తోంది, మీ బాపు చెయ్యి పడాలి అంది. నువ్వేం చెప్పకు అని కూడా అంది. ఆ మాట నాకు నచ్చలేదు. పని ఆమెది, పేరు ఇంకొకరిదా? నాలుక మీద నిప్పు పెట్టినట్టు ఉండింది.

మూడు దుకాణాలు తిరిగి, చెమటలు కక్కుతూ బాపు వచ్చాడు. అప్పటికే పన్నెండు దాటింది.

"నాతోని కాలేదన్నా. నువ్వు జర చెయ్యి పెట్టు," అంది అక్క.

బాపు పానా పట్టుకుని బలమంతా కూడదీసుకున్నాడు. అది సీసా మూతలా తిరిగింది. ప్లగ్గు ఊడి చేతిలోకి వచ్చింది. చాయ్ హోటల్ వాళ్లు శభాష్ అన్నారు. నేను పళ్లు బిగపట్టి నిలబడ్డాను. బాపు ప్లగ్గును తిప్పి తిప్పి చూశాడు. దాని మర చుట్ల మీద తడి నూనె, అంచుల మీద కొత్తగా మెరుస్తున్న ఆకురాయి గీతలు. ఆయన అంతసేపు కదలకుండా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

"నేనేం తియ్యలే," అన్నాడు అందరికీ వినపడేలా. "చెల్లె తీసింది. నేను ఉలి పెట్టి ఖరాబు చేస్తుంటి." ఆ తర్వాత కొత్త ప్లగ్గు అక్క చేతిలో పెట్టి, "ఇది గూడ నువ్వే పెట్టు," అన్నాడు.

అక్క తల వంచుకుని ప్లగ్గును వేళ్లతోనే తిప్పుతూ పెట్టింది. ఆమె చెవులు ఎర్రబడటం నాకొక్కదానికే కనిపించింది.

మేం చేరేసరికి రెండు దాటింది. అమ్మ నిజంగానే మెట్ల మీద కూర్చుని ఉంది. ఆలస్యం ఎందుకైందో బాపు దారి పొడవునా చెప్పాడు, ప్రతి మాటలోనూ అక్క పేరే. నేను తమ్ముడి పిడికిలి పట్టుకుని వింటూ కూర్చున్నాను.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ గుణం పోలేదు, ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను. కానీ ఏ పనైనా నా చేతిలో మరీ తేలిగ్గా అయిపోతే, చుట్టూ ఉన్నవాళ్లు మెచ్చుకుంటుంటే, అక్కడ మాత్రం ఆగుతాను. నాకంటే ముందు దీన్ని ఎవరు వదులు చేసి పెట్టారా అని వెతుకుతాను. ఆ మనిషి దొరికితే, నలుగురూ వింటుండగా పేరు చెప్పాకే అక్కణ్ణించి కదులుతాను.