ఇస్త్రీ చొక్కాలూ చీనీ చెట్లూ

మా ఆయన రోడ్డెక్కితే నడక మారిపోతుంది. ఇంటి నుంచి ఊరి మొగదల దాకా మామూలుగానే నడుస్తాడు, మోకాలి నొప్పి మనిషి కాబట్టి కొంచెం కుంటుతాడు కూడా. ముదిగుబ్బకు పోయే రోడ్డు కనిపించగానే ఆ కుంటు మాయం. చంకల్లో కోడిగుడ్లు పెట్టుకున్నట్టు చేతులు రెండూ ఎడంగా జరుగుతాయి, మెడ ఒక పక్కకు వాలుతుంది. ఇంతా చేసి ఆ రోడ్డు మీద ఉండేది రెండు కుక్కలు, టీ అంగడి ముందు పనీపాటా లేని ఓ నలుగురు. ఆ నలుగురి కోసం నొప్పిని కూడా దాచిపెట్టుకునే మనిషితో నేను కాపురం చేస్తున్నాను.

మా సీమ మగవాళ్లంటే బయటివాళ్లకు సినిమాలో చూసిందే. తెల్లబట్టలు, తొడ మీద దెబ్బ, మాట కోసం తలకాయ. మమ్మల్ని చూసే తీశారంటారు. ఒట్టి అబద్ధం. మా నాయన బతుకంతా తొడ మీద కొట్టుకున్నది దోమ కుట్టినప్పుడే. యాడనో కూర్చుని ఎవరో ఊహించి తీస్తే, ఓహో మేము ఇట్లా ఉంటామా అని దాన్ని చూసి మావాళ్లు నేర్చుకున్నారు. అద్దంలో ముఖం చూసుకునేవాళ్లను చూశాను గానీ, అద్దంలో ఏది కనిపిస్తే ఆ ముఖం తగిలించుకునేవాళ్లను ఇక్కడే చూశాను. పైగా ఇప్పుడు సెల్‌ఫోన్ ఒకటి వచ్చింది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టు.

ఒక ఎండాకాలం మొదట్లో మా ఆయన ఒక వీడియో పెట్టాడు. స్నేహితుడి బండి అరువు తెచ్చి, దాని ముందు నిలబడి, వెనక ఢమఢమమని సంగీతం పెట్టి, "మా ఇంట్లో అడిగేది ఉండదు. ఇచ్చేదే" అన్నాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె. ఆ పొద్దు ఆ బండిలో పోసిన డీజిల్ కూడా ఆ స్నేహితుణ్ణి అడిగి పోయించుకున్నదే. కానీ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లు దాన్ని ఎగబడి చూశారు. సింహం అన్నారు, అన్నా నువ్వు చెప్తే చాలన్నారు. టీ అంగడి దగ్గర లేచి నిలబడటం మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఇంట్లో మంచినీళ్లు కావాలన్నా నోరు తెరిచి అడగకుండా చెంబు వైపు చూసేవాడు, సిగ్గులేని మనిషి.

సరిగ్గా అప్పుడే మా బోరు ఎండిపోయింది. రెండు రోజులు గాలి కక్కింది, మూడో రోజు అదీ లేదు.

మాకు ఉన్నదల్లా ఆ చీనీ తోట, బయటివాళ్లు బత్తాయి అంటారే, అది. రాళ్లు ఏరి, గుంతలు తవ్వి, మొక్కలప్పుడు బిందెలతో మోసి పోసి బతికించిన తోట. ఎక్కువ మోసింది నేనే, ఎవరేమనుకున్నా ఆ మాట చెప్పే తీరతాను. చీనీ చెట్టు పంటలాంటిది కాదు, ఒక ఏడు పోతే ఇంకో ఏడు విత్తుకుందామనడానికి. ఒక్క ఎండాకాలం నీళ్లు తప్పితే అన్నేళ్ల చాకిరీ కట్టెల కింద లెక్క. ఆకులు ముడుచుకోవడం మొదలైనాక నాకు అన్నం దిగలేదు.

పక్క చేను మా బావది, అంటే మా ఆయన పెద్దనాయన కొడుకుది. ఆయన బోరులో నీళ్లున్నాయి. ఆయన వేసేది శెనక్కాయ, అది వాన పడితే గానీ వేయరు, కాబట్టి ఆ నీళ్లతో అప్పుడు ఆయనకు పని లేదు. మా పక్క ఒక పద్ధతి ఉంది. ఒకరి బోరు పోతే పొద్దున్నే గట్టు మీద పళ్లు తోముకుంటూ పక్క చేనాయన్ను అడుగుతారు, ఆయన "ఏసుకోప్పా" అంటాడు, పైపు వేసుకుంటారు. కాగితం ఉండదు, పంచాయితీ ఉండదు. రేపు ఆయన బోరు పోతే ఆయనా అడుగుతాడు. అడగడం ఒక్కటే కావాలి.

"పోయి అడుగుపో" అన్నాను.

"నేనా? ఊరంతా ఆ వీడియో చూసినారే. ఇప్పుడు పోయి దేవురించుకుంటే జనం ఏమనుకుంటారు?"

"ఏ జనం? ఆ టీ అంగడి కాడి నలుగురా? అడగందే అమ్మైనా పెట్టదు, తోట ఎండిపోతాంది."

దున్నపోతు మీద వాన. చివరకు నేనే బావ దగ్గరికి పోయాను. ఆయన మంచివాడే, కానీ ఆయనకూ ఒక ఫోన్ ఉంది. "నువ్వడిగితే ఎట్లమ్మా? అడగనని వాడు ఊరికంతా చెప్పుకున్యాడు గదా. వాన్నే రమ్మను" అన్నాడు. ఒకడు అడగనన్న మాటకు కట్టుబడ్డాడు, ఇంకొకడు వాడు అడగనన్నదానికి కట్టుబడ్డాడు. ఇద్దరి వెనకా సంగీతం ఒక్కటే తక్కువ. ఇంటికి వచ్చి ఆ రోజు గిన్నెలు తోమలేదు, విసిరాను.

తర్వాత ఒక పొద్దున మేమిద్దరం తోటలో ఉంటే, బావ లుంగీ ఎగగట్టుకుని, నోట్లో వేపపుల్ల పెట్టుకుని గట్టు మీదికి వచ్చాడు. ఆకులు చూశాడు. ఎంతైనా రైతు, తట్టుకోలేకపోయాడు.

"ఒరే, ఇంత చెట్టును ఎండబెడ్తారేమిరా? పైపు పట్టుకోని రాపో" అని కేక వేశాడు.

మా ఆయన చిరుగుల బనీనుతోనే పరుగెత్తాడు. కుంటుతూనే. ఇద్దరూ బురదలో మోకాళ్ల మీద కూర్చుని పైపులు కలిపారు. కీలు దగ్గర కారుతుంటే సైకిల్ ట్యూబు ముక్క చుట్టారు. చిన్నప్పుడు ఈత కొట్టి దెబ్బలు తిన్న సంగతేదో తలుచుకుని పకపకా నవ్వుకున్నారు. మొదటి సాలు చెట్ల పాదుల్లోకి నీళ్లు పారుతుంటే నేను వాటి వెంబడే నడిచాను. ఆ గంట సేపు వాళ్లిద్దరి మీదా నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. చూసేవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. నేను లెక్కలోకి రాను.

అప్పుడు మా ఆయన ఫోన్ తీశాడు. "అన్నా, ఒక్క వీడియో. అన్నదమ్ములంటే ఇట్లుండల్ల అని పెడదాం."

బావ తన లుంగీ వైపు చూసుకున్నాడు. "ఈ అవతారంలోనా? ఉండప్పా, అంగీ ఏసుకోనొస్తా."

వచ్చేసరికి గంజిపెట్టిన తెల్లచొక్కా, వెనక టీ అంగడి నలుగురు. మా ఆయన కూడా అప్పటికి బనీను మీద ఇస్త్రీ చొక్కా తొడిగేశాడు. ఇక మొదలైంది. తమ్ముడు చేతులు జోడించి రావాలి, అన్న వాటిని పట్టుకుని దించాలి, అది బావ చెప్పిన కథ. తమ్ముడు నిలబడి ఉంటాడు, అన్నే వచ్చి భుజం మీద చెయ్యి వేయాలి, అది మా ఆయన కథ. నీళ్లు పారుతూనే ఉన్నాయి, ఎవరు ఎవరి దగ్గరికి నడవాలనేదే తేలలేదు.

"చేతులు జోడించల్లంటనా నేను?"

"ఊరికే ఇస్తాండా నీళ్లు. ఒక దండం పెడితే నీదేం పోతాది?"

"అన్నా, తగ్గొద్దన్నా" అన్నారు వెనకనుంచి. ఎవరి అన్నతో అన్నారో వాళ్లకే తెలియాలి.

గంట కింద బురదలో నవ్వుకున్న మనుషులే తాతల భాగాలు తవ్వుకున్నారు. బావ పోయి మోటారు ఆపేశాడు. పైపు పీకి చుట్టడం మొదలుపెట్టాడు. నేను ఆ పైపు కొస పట్టుకున్నాను. "బావా, నేను పెడతా దండం. కాళ్లకు కూడా పెడతా. తీసుకోండి మీ వీడియో" అని చేతులు జోడించాను. నలుగురిలో ఒకడు ఫోన్ ఎత్తి పట్టుకుని, "అక్కా, నువ్వు కొంచెం పక్కకు రా, అన్నావాళ్లకు అడ్డం ఉండావు" అన్నాడు.

బావ ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఆయన కళ్లు కిందికి దిగాయి, నేను చూశాను. ఆ నలుగురూ లేకుంటే పైపు వదిలేసేవాడే. కానీ వాళ్లు ఉన్నారు. పైపు భుజాన వేసుకుని, చంకల్లో కోడిగుడ్లు పెట్టుకుని నడిచిపోయాడు.

ఒక్క సాలుకే అందాయి ఆ నీళ్లు. అంట్లు కడిగిన నీళ్లు, స్నానాల నీళ్లు పాదుల్లో పోస్తూ ఇంటి దాపున ఉన్న కొన్ని చెట్లను ఇంకొన్నాళ్లు లాగాను. వాన వచ్చింది, కాయలు రాలి కొమ్మలు కట్టెలైనాక తీరిగ్గా వచ్చింది. కట్టెల వాళ్లు రంపం మిషన్ తెచ్చారు. చీనీ చెట్టును కోస్తే పొట్టులో కూడా కాయ వాసన వస్తుంది. ఆ వాసనకు నేను గట్టు చాటుకు పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు.

తిరిగి వచ్చేసరికి కట్టెల వాళ్లు వెళ్లిపోయారు. మా ఆయన ఒక్కడే మొద్దుల మధ్య నిలబడి ఫోన్‌లో ఏడుపు సంగీతం వెతుక్కుంటున్నాడు. చొక్కా మాత్రం ఈసారి మాసింది వేసుకున్నాడు, సందర్భం తెలిసిన మనిషి.

"ఆ మొద్దు మింద కూర్చో. కరువులో రైతు గోస అని పెడతా. కొంచెం ఏడువు, బాగుంటాది."

"నేను ఏడ్చేది అయిపోయింది. నీ వంతు" అన్నాను. "ఇప్పుడు ఈడ ఎవరూ లేరు. ఆ ఫోన్ జేబులో పెట్టి, ఆ చెట్ల కోసం ఒక్కసారి నువ్వు ఏడువు, నేను చూస్తా."

ఫోన్ దించాడు. మొద్దుల వైపు చూశాడు, నా వైపు చూశాడు. వెటకారం కాదు, కోపం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఎవరూ చూడనప్పుడు ఏడ్చి ఏం లాభమే?"