మామ గుండెలో మందు, ఇంటిల్లిపాదికీ పథ్యం

గుండె రక్తనాళాల్లో మందు పూసిన స్టెంట్లు వేస్తారని మా వైపు అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. పుంగనూరులో బెల్లం వ్యాపారం చేసే మా మేనమామకు బెంగళూరులో అలాంటిదొకటి వేశారు. "దీని మీద మందుంది, కొద్దికొద్దిగా ఊరుతుంది" అని డాక్టరు చెప్పిన పాపానికి మా కొంప మునిగింది.

మందన్నాక పథ్యం ఉండాల్సిందేనన్నది మామ సిద్ధాంతం. వెనక కామెర్లొస్తే, కుప్పం పక్కన గుడుపల్లెలో పసరు తాగి, చెప్పినన్నాళ్లూ ఉప్పు ముట్టని మనిషాయన. ఇప్పుడు మందు ఏకంగా లోపలే తిష్ఠ వేసింది. అది ఊరినన్నాళ్లూ వంకాయ లేదు, పులుసు లేదు, చప్పిడి గంజే. ఆయన తిననిది అత్త తినదు. వాళ్లింట్లో ఉండి మదనపల్లె కాలేజీకి పోయొచ్చే నాకు వేరే వండేదెవరు?

"పథ్యమేమీ లేదు, ఉప్పూ నూనే తగ్గించి కడుపు నిండా తినండి" అని డాక్టరు మొత్తుకున్నాడు.

"ఇంగ్లీషు డాక్టర్లకు పథ్యం సంగతి యాడ తెలుస్తాది?" అన్నాడు మామ.

మాత్రలు మాత్రం వేళకు వేసుకునేవాడు. తిండి దగ్గరే నోరు కట్టేసుకున్నాడు. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. గండం గడిచి ఇల్లు చేరిన మనిషి గంజి తాగి పోతాడేమోనని నాకు నిజంగా భయం పట్టుకుంది.

నా చదువు చూపించి ఒప్పిద్దామనుకున్నాను. కాలేజీ ల్యాబులో మందు కలిపిన ద్రావణాన్ని వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులుగా తీసి, స్టెంటు మీద పొరలా చుట్టడం నా పని.

"దాంతో ఏమొస్తాది పాపా?"

"మందు ఇంకా నిదానంగా ఊరుతుంది మామా. ఇంకా ఎక్కువ నెలలు వస్తుంది."

మామ ముఖం మాడిపోయింది. "అన్ని నెల్లూ పథ్యమా? ఎంతమంది ఉసురు పోసుకుంటావు తల్లీ!"

ఉపాయం అత్తకే తట్టింది. "మందిచ్చినోళ్లు ఇడిపిస్తేనే మీ మామ పథ్యం ఇడుస్తాడు. ఆ పసరాయనా అట్లే గదా, తలంటి పోసుకోమని సెప్పి ఇడిపించినాడు? నువ్వూ మందు పనిలోనే ఉండావు. ఇడిపించు పో."

"మామకేసిన మందు నాది కాదత్తా!"

"మీ మామకు అంత పట్టింపు లేదులే."

ఆదివారం పొద్దున మామను పీట మీద కూర్చోబెట్టి, ల్యాబు తెల్లకోటు తొడుక్కుని, నడినెత్తిన నూనె పెట్టి, "పథ్యం విడిచింది మామా" అన్నాను. అత్త నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరుగెత్తింది. మామ మాత్రం చేతులు జోడించాడు.

"ఈ ఒక్క మాట సెప్పేదానికి అంత పెద్దాసుపత్రిలో ఒక్కడూ లేకపాయె!"

స్నానమయ్యాక రాగి సంగటి, వంకాయ పులుసు. అత్త ఉప్పు తగ్గించే చేసింది, ఆయన కనిపెట్టలేదు. రెండో ముద్ద అడిగాడు. అది విని అత్తా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని కళ్లు తుడుచుకున్నాం.

"మందు ఊరతా ఉంటే ఊరనీ" అన్నాడు మామ, వేళ్లు నాకుతూ. "దాని పని అది సేసుకుంటాది, నా పని నేను సేసుకుంటా."

నా పోగులు ల్యాబు దాటి ఏ గుండెకూ చేరలేదు. నా చదువుతో బాగుపడిన రోగి ఎవరని అడిగితే, ఆ రెండో ముద్ద అడిగిన మామనే చూపిస్తాను.