ఫ్లోరెన్సక్క ముగ్గురు శిష్యులు

మా అక్క ఫ్లోరెన్స్‌కు యాభై నాలుగేళ్లు. పినపాక దవాఖానాలో స్టాఫ్ నర్సు. చుట్టుపక్కల గూడేలన్నింటికీ సిస్టరమ్మ. ఆమె ఇంట్లో ఇనుప బీరువా ఉందని, అందులో మూడు తుపాకులున్నాయని చెబితే కొత్తవాళ్లు నమ్మరు. నమ్మినవాళ్లు కాఫీ సగంలోనే లేచి వెళ్లిపోతారు.

ఒకసారి గూడెం నుంచి జ్వరానికి మందులు తీసుకెళ్లడానికి వచ్చిన పోతయ్య తాత మాత్రం లేవలేదు.

"గా తుపాకితోని పందిని కొడ్తవా సిస్టరమ్మా?"

"లేదు తాతా. కాగితాన్ని కొడ్త."

"కాగితాన్నా?" తాత మందుల పొట్లం కింద పెట్టాడు. "అదేం పాపం జేసింది?"

కాగితం పాపం సంగతి దేవుడికెరుక. కానీ ఆ మూడూ నిజంగా కాగితం మీది గురి కోసమే పుట్టినవి.

మా నాన్న ఆంథోని కొత్తగూడెంలో ఒక రైఫిల్ క్లబ్బులో మార్కర్. ఆఫీసర్లు కాల్చిన కాగితాలు మార్చి, ఎవరికెన్ని మార్కులో చెప్పడం ఆయన పని. క్లబ్బుకు కొత్త రైఫిల్ వచ్చినప్పుడల్లా పాతదొకటి అమ్మకానికి వచ్చేది. నాన్న కాళ్లావేళ్లా పడి లైసెన్సు తెచ్చుకుని దాన్ని కొనేవాడు. అలా మూడు చేరాయి. ఒక్కోదానికీ వందేళ్ల వయసు. ఒక్క తూటావి. కింద పిడిని లాగితే పైన నోరు తెరుస్తుంది, చేత్తో ఒక తూటా పెట్టి పిడి మూయాలి, పేల్చాక మళ్లీ మొదటికి. నాన్న వాటికి పేతురు, యాకోబు, యోహాను అని పేర్లు పెట్టాడు. నాకు జోయెల్ అని పెట్టడానికి అంత ఆలోచించాడో లేదో అనుమానమే.

కాల్చేది నాన్న, తుడిచేది అక్క. ఆ కాలపు తూటాల మసికీ ఇనుముకూ పడేది కాదు. ఒక్క రాత్రి వదిలేస్తే గొట్టంలో తుప్పు మొలిచేది. "పొద్దుగూకెలోపు తుపాకి తుడ్వనోళ్లు నా బిడ్డలే కాదు" అనేవాడు నాన్న. చప్పుడు వింటేనే నాకు గుండె జారేది కాబట్టి ఆ బిడ్డల లెక్కలో నేనెప్పుడూ లేను. అక్క బడి నుంచి రాగానే పొడుగు కడ్డీకి గుడ్డ చుట్టి గొట్టంలోకి తోసేది. గుడ్డ తెల్లగా బయటికొచ్చేదాకా ఆపేది కాదు. తర్వాత నర్సయింది. ఇక చెప్పాలా? ఆ గొట్టాల్లో ఆపరేషన్ చేసుకోవచ్చు.

అన్నేళ్లు తుడిపించుకుని కూడా నాన్న ఆమె చేతిలో ఒక్క తూటా పెట్టలేదు. అది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కకు మండేది కాదు. ఆమె తీరే అంత.

నాన్న పోయాక మూడూ అక్క పేర వచ్చాయి. ఆ తర్వాత చట్టం మారింది. ఒకరి పేర రెండే ఉండాలి, మూడోది అప్పగించాలి, పోటీల్లో గుర్తింపున్న షూటర్లకైతే మినహాయింపు. అప్పగిస్తే ఏం చేస్తారని అక్క అడిగితే ఆఫీసులో ఒకాయన "కోసి తుక్కు చేస్తరమ్మా" అని ఉన్నమాట చెప్పాడు.

"ఎవర్నియ్యాల్రా జోయెల్?" అని ఆ రోజు బీరువా ముందు కూలబడింది. చిన్నవాడైన యోహానును ఒళ్లో పెట్టుకుంది.

"ఒకటి నా పేర రాయించక్కా."

"పటాకుల చప్పుడుకే నీకు జొరమొస్తది. గీ అడివి పక్క నీకు కొత్త లైసెన్సు ఎవరిస్తరు?" కళ్లు తుడుచుకుని లేచింది. "నేనే కాలుస్త. షూటర్ననిపించుకుంట."

బతిమాలుకుంటే ఆఫీసులో మూడేళ్ల గడువిచ్చారు. యాభై దాటాక మా అక్క మొదటిసారి ట్రిగ్గర్ మీద వేలు పెట్టింది.

హైదరాబాదులో రాష్ట్ర పోటీలు. బోర్లా పడుకుని యాభై మీటర్ల దూరంలోని గురిని అరవై తూటాలతో కొట్టాలి. ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ పది మార్కులు. ఐదువందల డెబ్భై దాటితే గుర్తింపు. అక్క రెండేళ్లు వరసగా పేతురును తీసుకెళ్లింది. రెండేళ్లూ ఒకటే తంతు. మొదటి తూటాలు చెట్టుకొకటి పుట్టకొకటి, ఆ తర్వాత వరసగా పదులు. అప్పటికే పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. పోటీకి ముందు సరిచూసుకోవడానికి కాల్చుకోవచ్చు గానీ, తూటాలు దొరకడమే కష్టం. పిసినారి అక్క రెంటితో సరిపెట్టేది.

"మొదట్ల చెయ్యి వణుకుతదిరా" అనేది. నాకు నమ్మకం కుదరలేదు. గుంతల రోడ్డు మీద అంబులెన్సు ఊగిపోతుంటే నరం దొరకబుచ్చుకునే చెయ్యి అది. మూడో ఏడాదితో ఆ గడువు ముగుస్తుంది. ఈసారి తప్పితే యోహాను తుక్కే.

పోటీకి వారం ముందు కొత్తగూడెం క్లబ్బువాళ్ల కాల్పుల రేంజిలో సాధన ముగించి కడ్డీ తీయబోతుండగా ఫోను. పోతయ్య తాత కూతురు పుష్పలతకు నొప్పులు. అక్క పేతురును అలాగే పెట్టెలో పడేసి పరుగెత్తింది. కాన్పు కష్టమైంది. తల్లీబిడ్డా క్షేమమని తేలాకే కదిలింది. మర్నాడు రేంజిలో పెట్టె తెరిచి, కుళ్లిన కట్టు విప్పినట్టు మొహం పెట్టింది.

"తుడ్వలేదురా! నాన్నుంటే సంపేటోడు."

"తర్వాత తుడుద్దువు, ముందు కాల్చు. రేంజి జల్దీ మూస్తరంట" అన్నాను.

మొదటి తూటా పది. రెండోది పది. తర్వాతదీ పదే. అక్క లేచి కూర్చుని గొట్టంలోకి చూసింది, నా మొహంలోకి చూసింది.

"ఒరేయ్, వణికింది నా చెయ్యి గాదురా."

మరో రెండు రోజులు తుడిచి ఒకసారి, తుడవకుండా ఒకసారి కాల్చి చూసింది. సందేహం లేదు. ఇప్పటి తూటాల మసితో ఆ పాతకాలపు తుప్పు బెడద లేదు. పైగా వాటి మైనమూ సీసమూ లోపల పలచగా పూతపడితే గానీ పేతురు నిలకడగా కొట్టడు. ఆ పూతను అక్క ప్రతిసారీ తోమి పారేసి, పోటీలో మళ్లీ మొదట్నుంచీ పట్టించేది. నాన్న మాట నాన్న తూటాలకు సరి.

తెలియడం వేరు, చెయ్యడం వేరు. పోటీకి ముందురోజు హైదరాబాదులో చుట్టాలింట్లో సాయంత్రమయ్యేసరికి అక్క చేతులు ఊరికే ఉండలేకపోయాయి. కడ్డీకి గుడ్డ చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. చివరికి నా చేతిలో కుక్కింది. "ఇది నాకు కనవడనియ్యకు." కడ్డీ చంకలో పెట్టుకుని వీధిలోకి పోయాను. పొద్దుగూకింది. పేతురు మసితోనే నిద్రపోయాడు.

మర్నాడు పక్క వరుసలో రంగురంగుల కొత్త రైఫిల్‌తో ఉన్న అమ్మాయి నవ్వింది. "మ్యూజియం నుంచి తెచ్చారా ఆంటీ?"

"అవ్ తల్లీ. నేను గూడ ఆడికెంచే వచ్చిన."

చెవుల్లో దూది కుక్కుకుని వెనక నిలబడ్డాను. పిడి లాగడం, తూటా పెట్టడం, మూయడం, పేల్చడం. మొదటిది పది. పిడి లాగుతున్న ఆ చేతిలో కంగారు లేదు. చివరి తూటాకు మార్కుల తెర మీద ఐదువందల డెబ్భై ఎనిమిది పడింది. నేను వేసిన కేకకు అధికారి నన్ను బయటికి పంపించాడు. బయటికెళ్లి మళ్లీ వేశాను. బతుకంతా ఒకరి తుపాకీ తుడిచిన మనిషి గెలిచింది, నేను ఎందుకు ఊరుకోవాలి?

ఊళ్లో బస్సు దిగగానే మనవణ్ణి ఎత్తుకుని పోతయ్య తాత ఎదురొచ్చాడు. "కాగితం సచ్చిందా సిస్టరమ్మా?"

"సచ్చింది తాతా!"

సమాధుల పండుగనాడు నాన్న సమాధికి సున్నం వేసి, పూలు పరిచాం. అక్క కొవ్వొత్తి వెలిగించి పక్కనే కూర్చుంది.

"నాన్నా, ముగ్గురూ ఇంట్లనే ఉన్నరు. పేతురును తుడ్వలే, అందుకే గెలిచిన." కొంచెం ఆగి, సమాధి మీద చెయ్యేసింది. "తుడ్వకుంటే నీ బిడ్డనే కాదంటివి గదా. ఇప్పుడు జెప్పు, నేనెవరి బిడ్డను?"