కాన్‌బెర్రాలో ఇద్దరు ఫిన్లాండ్ నటీమణులు, ఒక ఖాళీ కుర్చీ

సిడ్నీ నుంచి కాన్‌బెర్రా వెళ్ళేవాళ్ళు సాధారణంగా పార్లమెంటు చూడ్డానికో, వసంతంలో పూల పండగకో వెళ్తారు. మేము వెళ్ళింది ఒక ఉత్తరం వల్ల. అది వచ్చింది మాకు కాదు, సిడ్నీ శివారు టూంగాబీలో మా పక్కింట్లో ఉండే ఇర్యాకి. ఇర్యాది ఫిన్లాండ్. వయసు డెబ్భై తొమ్మిది. భర్త పోయాక ఒక్కతే ఉంటుంది. ఆమె ఒకప్పుడు నటి అని ఎనిమిదేళ్ళ పరిచయంలో నాకు తెలియదు. నాటక పాఠశాలలో ఆమెతో చదివిన హెల్వి అనే నటి ఆస్ట్రేలియా వస్తోందనీ, కాన్‌బెర్రాలో ఫిన్లాండ్ వాళ్ళ సంఘం హాల్లో ప్రదర్శన ఇస్తుందనీ, చివర్లో తనతో పాటు ఒక చిన్న సన్నివేశం ఆడమని ఇర్యాని అడుగుతోందనీ ఆ ఉత్తరంలో ఉంది. కంటి ఆపరేషన్ తర్వాత ఇర్యా కారు నడపడం మానేసింది. తీసుకెళ్తావా అని నన్ను అడిగింది. మీ అమ్మ కూడా రావాలి అంది.

అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. మా అమ్మ కోటేశ్వరి నరసరావుపేట నుంచి విజిటర్ వీసా మీద వచ్చి అప్పటికి నాలుగు నెలలైంది. ఆమెకు ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చు. అయినా కంచె దగ్గర నిలబడి ఇర్యాతో రోజూ గంట మాట్లాడేది. తమ భాషలో కోటి అంటే ఇల్లు అని చెప్పి, ఇర్యా అమ్మని మొదటి రోజు నుంచీ కోటి అనే పిలిచింది. అమ్మేమో ఇర్యమ్మ అంటుంది. రెండో వారంలోనే ఇర్యా నన్ను ఆపి, మీ అమ్మ ఏ థియేటర్లో పనిచేసింది అని అడిగింది. ఎలా తెలిసిందన్నాను. బట్టలారేస్తూ వీధి చివరున్న నన్ను ఆమె పిలిచిన తీరు చాలట. అరవలేదు, గొంతు మోగించింది, ఆ ఊపిరి నేర్చుకున్నవాళ్ళకే వస్తుంది అంది.

నిజమే. మా అమ్మ పరిషత్తు పోటీ నాటకాల్లో నటి. ఈ సమాజం, ఆ సమాజం అని లేకుండా ఎవరు పిలిస్తే వాళ్ళ నాటకంలో వేషం వేసి, రాత్రి బస్సుల్లో తిరిగి నన్ను చదివించింది. నా తొమ్మిదో ఏట బళ్ళో ఒకమ్మాయి నన్ను 'నాటకాలావిడ కూతురు' అంది. ఆ రోజు నుంచీ నేను అమ్మ నాటకానికి వెళ్ళలేదు, ఆమె కూడా రమ్మనలేదు. ఇక్కడ వెస్ట్‌మీడ్‌లో నేను పనిచేసే ల్యాబులో, మా తెలుగు స్నేహితుల్లో ఎవరడిగినా అమ్మ గృహిణి అనే చెప్పేదాన్ని. ఒకసారి అమ్మ పక్కనే ఉండగా చెప్పాను. ఆమె వింటూ కాఫీ కలుపుతూనే ఉంది.

మే నెల రెండో శనివారం పొద్దున ఆరున్నరకి బయల్దేరాం. ఎం7 మోటర్‌వే ఎక్కి, అక్కణ్ణుంచి హ్యూమ్ హైవే పట్టుకుంటే దాదాపు మూడు గంటల ప్రయాణం. ఎం7కి టోల్ ఉంది, కారులో ట్యాగ్ పెట్టుకోవడం మర్చిపోవద్దు. తర్వాతి దారంతా ఉచితమే. పెద్దవాళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. మిట్టగాంగ్ దాటేసరికి పొలాల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. ఇర్యా అద్దంలోంచి దాన్ని చూస్తూ తన కథ మొదలుపెట్టింది. మధ్యలో నేను అమ్మకి తెలుగులో చెబుతూ నడిపాను.

వాళ్ళు ముగ్గురు. ఇర్యా, హెల్వి, కైసా. ఒకే ఏడు నాటక పాఠశాలలో చేరి, ఒకే గదిలో అద్దెకున్నారు. చివరి పరీక్షకి వాళ్ళ మాస్టారు ముగ్గురి కోసమే ఒక చిన్న నాటకం రాశాడు. సముద్రపు ఒడ్డున ముగ్గురు ఆడవాళ్ళు రాని పడవ కోసం ఎదురుచూడటమే కథ. తర్వాత ముగ్గురూ మూడు ఊళ్ళకి పోయారు. ఇర్యాకి ఒక పట్టణ థియేటర్లో రెండేళ్ళలో నాలుగు మంచి పాత్రలు వచ్చాయి. ఇంతలో భర్త పనిచేసే రంపపు మిల్లు మూతపడింది. రెండేళ్ళు ఉండి వద్దామని ఆస్ట్రేలియా ఓడెక్కారు. ఇక్కడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరి, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళ మాటలు విని ఇంగ్లీషు నేర్చుకుంది. అయినా ఏటా చలికాలంలో తమవాళ్ళందరినీ పోగేసి ఒక నాటకం వేయించేది. చూసేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి, ఇరవై ఏళ్ళ కిందట అదీ ఆగిపోయింది.

హెల్వి రాజధానిలో పెద్ద థియేటర్లో కుదిరింది, సినిమాల్లో వేసింది. నలభై దాటాక పదేళ్ళపాటు ఎవరూ పిలవలేదు. రేడియో నాటకాలతో నెట్టుకొచ్చింది. అరవై దాటాక ముసలితల్లి వేషాలతో దేశమంతా గుర్తుపట్టే మనిషైంది. ముగ్గురిలో గొప్ప నటి మాత్రం కైసా అని ఇర్యా అంది. ఉత్తరాన ఒక చిన్న ఊరి థియేటర్లో ఉండేది. ముప్ఫై నాలుగో ఏట గొంతుకి ఆపరేషన్ జరిగి స్వరం పోయింది. గుసగుస మాత్రం మిగిలింది. ఆమె థియేటర్ వదల్లేదు. మాట మర్చిపోయిన నటులకి అందించే ప్రాంప్టర్‌గా చేరి, స్టేజీ అంచున చిన్న గూట్లో ఇరవై ఆరేళ్ళు కూర్చుంది. మేం జనం కోసం కాదు, ఆ గూట్లోని కళ్ళ కోసం నటించేవాళ్ళం అని అక్కడి నటులు చెప్పుకునేవారట. పోయిన చలికాలం కైసా చనిపోయింది.

ఇదంతా నేను తెలుగులో చెప్పాను. అమ్మ విని, "ప్రాంప్టింగుకి గుసగుస చాలమ్మా. వేషం వేసేవాడికి తన లోపల్నించే వచ్చినట్టుండాల," అంది.

ఎనిమిదిన్నరకి గోల్బర్న్‌లో ఆగాం. పదిహేను మీటర్ల ఎత్తున్న సిమెంటు గొర్రెపోతు విగ్రహం పక్కన పార్కింగు సులువు. మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయి, కాఫీ ఆరు డాలర్లలోపే. ఇర్యా కాఫీ ముట్టుకోలేదు. సన్నివేశంలోని మాటలే గొణుక్కుంటోంది. అప్పుడు అమ్మ సంచిలోంచి ఒక నోట్‌బుక్కు తీసింది. నేను డ్యూటీలో ఉన్న మధ్యాహ్నాలు వాళ్ళిద్దరూ పెరట్లో రిహార్సల్ చేస్తున్నారని నాకు తెలుసు గానీ ఈ పుస్తకం సంగతి తెలియదు. అందులో ఇర్యా మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి ఉన్నాయి. అర్థం తెలియకపోయినా ఇర్యా పలికినట్టే, దీర్ఘానికి దీర్ఘం, ఒత్తుకి ఒత్తు పెట్టి రాసుకుంది. ఎక్కడ ఊపిరి తీయాలో ఎర్ర గీతలున్నాయి.

"ఇది నీకెలా పట్టుబడిందమ్మా?" అన్నాను.

"వాళ్ళ మాటలు కూడా మనవాటికిమల్లే అచ్చుతో ఆగుతున్నయ్ చాలావరకూ. రాయడం ఏం కష్టం కాలా," అంది. ఆ బల్ల దగ్గరే ఇద్దరూ ఒకసారి మొత్తం చెప్పుకున్నారు. పక్కన టీ తాగుతున్న లారీ డ్రైవరు అది ఏ భాషని నన్నడిగాడు. ఫిన్నిష్ అంటే అమ్మ చీర వైపు చూసి ఊరుకున్నాడు.

ఫెడరల్ హైవే మీద లేక్ జార్జ్ దగ్గర వ్యూ పాయింటులో పది నిమిషాలు తప్పకుండా ఆగండి. అది కొన్నేళ్ళు సరస్సుగా, కొన్నేళ్ళు గడ్డిమైదానంగా ఉంటుంది. మేం వెళ్ళినప్పుడు సగం నీళ్ళు, సగం గొర్రెలు. ఆ నీళ్ళను చూసి, ఇక వెనక్కి వెళ్దామంది ఇర్యా. తాను దేశం వదిలాక యాభై ఏళ్ళకు పైగా నటిస్తూ వచ్చిన మనిషి పక్కన, బిస్కెట్లు ప్యాక్ చేసిన మనిషి ఎలా నిలబడుతుంది అంది. నేను ఏదో ఓదార్పు చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, ఇర్యా శాలువా సర్ది, కారు తలుపు తీసి పట్టుకుంది. ఇర్యా ఎక్కింది.

పదిన్నరకల్లా కాన్‌బెర్రా చేరాం. ఇక్కడ మే నెలంటే శరత్కాలం చివర కాబట్టి వీధుల్లో చెట్ల ఆకులన్నీ ఎర్రగా, పసుపుగా రాలుతున్నాయి. హాలు ఊరికి ఉత్తరాన ఇళ్ళ మధ్య ఉంది, పార్కింగు ఉచితం. టికెట్టు మనిషికి పాతిక డాలర్లు, టిఫినుతో కలిపి. వంటగదిలో ఇద్దరు పెద్దావిడలు రొట్టెలు కాలుస్తుంటే వాకిట్లోకే యాలకుల వాసన వచ్చింది. అమ్మ నేరుగా లోపలికెళ్ళింది. గోధుమలాంటి రై ధాన్యం పిండి పల్చగా వత్తి, పాలల్లో ఉడికిన అన్నం మధ్యలో పెట్టి అంచులు నొక్కి చేసే ఒక పిండివంట ఆమె చేతిలో పెట్టారు. మాంసం లేదని నేను ముందే అడిగి తెలుసుకున్నాను. "పరమాన్నంలో ఉప్పేస్తే ఇట్టాగే ఉంటది," అని అమ్మ రెండోది తీసుకుంది.

హెల్వి పన్నెండుకి వచ్చింది. సన్నగా, పొట్టిగా, చేతికర్రతో ఉంది. ఆమె, ఇర్యా ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు తేరిపార చూసుకున్నారు, తర్వాత కావలించుకున్నారు. భోరుమని ఏడుస్తారనుకున్నాను. ఏమీ లేదు. వెంటనే ఎవరు ఎటునుంచి రావాలో లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు.

రెండింటికి ప్రదర్శన మొదలైంది. అరవై మంది దాకా ఉన్నారు, ఎక్కువగా తెల్లజుట్టువాళ్ళే. హెల్వి చేతికర్రను మెట్టు దగ్గర వదిలేసి స్టేజీ ఎక్కింది. నలభై నిమిషాలు ఒక్కతే, మైకు లేకుండా. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అయినా ఆమె పద్దెనిమిదేళ్ళ పిల్లై గదిలోకి పరిగెత్తుకొచ్చినప్పుడు ఆ చేతికర్ర అవసరం ఎక్కడికి పోయిందో నాకిప్పటికీ తెలియదు.

తర్వాత మాస్టారు ముగ్గురి కోసం రాసిన ఆ నాటకానికి స్టేజీ మీద మూడు కుర్చీలు వేశారు. మధ్య కుర్చీ కైసాది. ఆమె మాటలొచ్చే చోట ఆ మాటలకు పట్టేంత సేపు మౌనంగా ఉండాలని నిర్ణయించుకున్నారు. అమ్మ తెర పక్కన ఒక స్టూలు అడిగి, కళ్ళజోడు పెట్టుకుని నోట్‌బుక్కుతో కూర్చుంది. నేను మొదటి వరుసలో చివరన ఉన్నాను కాబట్టి ఆమె కనపడుతోంది.

ఇర్యా బాగానే మొదలుపెట్టింది. నేను రోజూ చూసే పక్కింటావిడది కాదు ఆ గొంతు. నాటకం సగానికి వచ్చాక కైసా మాటల చోటు వచ్చింది. ఇద్దరూ ఖాళీ కుర్చీ వైపు తిరిగి విన్నారు. ఆ మౌనం పూర్తయింది. ఇప్పుడు ఇర్యా మాట్లాడాలి. మాట్లాడలేదు. ఆమె చూపు ఆ కుర్చీ మీదే ఉండిపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. హాల్లో ఎవరో దగ్గారు.

తెర పక్కనుంచి వినీ వినపడనట్టు మా అమ్మ గుసగుస వచ్చింది. "ఒదొతన్ వియెల హెత్కెన్."

ఇంకాసేపు ఎదురుచూస్తాను అని దాని అర్థమట. ఇర్యా తల తిప్పలేదు. ఆ మాటను తీసుకుని, తనకప్పుడే తోచినట్టు మెల్లగా పలికింది. నాటకం చివరిదాకా ఇక ఎక్కడా ఆగలేదు. చప్పట్లు మొదలయ్యాక కూడా హెల్వి తెర వైపే చూస్తూ ఉంది.

ఆమె జనంలోకి పోకుండా నేరుగా అమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. నోట్‌బుక్కు చూసింది. ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, ఇర్యాతో ఏదో అంది. ఇర్యా నా వైపు తిరిగింది. ఈమె ఏ థియేటర్లో ప్రాంప్టరు అని హెల్వి అడుగుతోంది, నేను చెప్పను, నువ్వు చెప్పాలి అంది.

చుట్టూ ఒక పదిమంది ఉన్నారు. నేను ఇంగ్లీషులో చెప్పాను. మా అమ్మ ప్రాంప్టరు కాదు, నటి. ఇరవై రెండేళ్ళు ఊరూరా తిరిగి నాటకాలాడి నన్ను చదివించింది.

'యాక్ట్రెస్' అన్న మాట అమ్మకి తెలుసు. నా మొహంలోకి చూసి, "ఇరవై రెండు కాదమ్మా, ఇరవై నాలుగు. సరిగ్గా చెప్పు," అంది.

సరిచేసి మళ్ళీ చెప్పాను. హెల్వి ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, చూపించమన్నట్టు చేతులు చాపింది. అమ్మ వద్దనలేదు. చీర కొంగు బొడ్లో దోపింది. టీ కొట్టు నడుపుకునే ఒకావిడ దగ్గరికి ఆ కొట్టు తీసేయించడానికి ఆఫీసరు వచ్చే సన్నివేశం అని నాతో చెప్పించింది. లేని గిన్నెలోంచి లేని గ్లాసులోకి టీ వంచి, తిరగబోసి, నురగ చూసుకుని హెల్వికి అందించింది. హెల్వి అందుకుంది. అంచు పట్టుకుని, కాలినట్టు వేళ్ళు మార్చుకుంది.

"తాగండి బాబూ," అంది అమ్మ. "వేడిగా ఉండగానే తాగండి. మీరు చెప్పబోయేది చల్లారినా పర్లేదు."

హెల్వి ఊదుకుని ఒక గుక్క తాగింది. ఆఫీసరు మొహం పెట్టింది. అమ్మ ఆరేడు నిమిషాలు తెలుగులో మాట్లాడింది, వేడుకోకుండా, అరవకుండా. వంటగదిలో ఆవిడలు పిండి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చివరికి హెల్వి ఆ లేని గ్లాసును నేల మీద జాగ్రత్తగా పెట్టి, లేచి, తలవంచుకుని నాలుగడుగులు వెళ్ళిపోయింది. ఆఫీసరు ఓడిపోయాడని భాష రాకుండానే ఆమెకు అర్థమైంది. తొమ్మిదేళ్ళప్పుడు చూడటం మానేసిన నేను, నలభై రెండేళ్ళ వయసులో మా అమ్మ నటించగా చూశాను. నేను చప్పట్లు కొట్టలేకపోయాను.

ఆ సాయంత్రం వాళ్ళు ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుని రొట్టె తింటుంటే చూస్తూ అనుకున్నాను. ఒకరికి దేశమంతా పేరు, ఒకరికి బిస్కెట్ల ఫ్యాక్టరీ, ఒకరికి పరిషత్తుల షీల్డులు. ఆ పూట వాళ్ళలో ఎవరు పైన, ఎవరు కింద అని చెప్పడం నా వల్ల కాలేదు. వాళ్ళు కూడా ఆ ఊసెత్తలేదు. మేకప్పు తుడుచుకోవడానికి కొబ్బరినూనె మంచిదా, వెన్న మంచిదా అని గట్టిగా వాదించుకున్నారు. ఆ వాదన నేనే అటూ ఇటూ మోశాను. నా జీవితంలో అంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి గుర్తురావడం లేదు.

ఈ దారిలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సాయంత్రం అయిందంటే హైవే మీదకి కంగారూలు దూకుతాయి. అదే రోజు వెనక్కి రావాలని పెట్టుకోకుండా అక్కడే ఒక రాత్రికి గది తీసుకోండి. ఊరి ఉత్తరాన మోటెళ్ళలో నూట యాభై డాలర్లకి ముగ్గురికి సరిపోయేది దొరుకుతుంది. పెద్దవాళ్ళు వెంట ఉంటే ఇంకా మంచిది, పొద్దుపోతోందని వాళ్ళ కబుర్లను మధ్యలో ఆపే పని ఉండదు.